భాగం 7: కొత్త ట్రక్కు రవాణా సంస్థలకు భద్రతా ఆడిట్ – అమెరికా పద్ధతి

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- అమెరికాలో కొత్తగా ఏర్పడిన ట్రక్కు సంస్థలకు భద్రతా ఆడిట్ ఎందుకు, ఎప్పుడు జరుగుతుందో వివరించగలుగుతారు.
- ఆడిటర్ పరిశీలించే రికార్డులను, వాటి వెనుక ఉన్న ఉద్దేశాన్ని చెప్పగలుగుతారు.
- తక్షణ వైఫల్యానికి, అంశాలవారీ వైఫల్యానికి మధ్య తేడాను లెక్కలతో చూపగలుగుతారు.
- ఈ పద్ధతిలోని పరిమితులను గుర్తించి, మన దేశ పద్ధతితో పోల్చగలుగుతారు.

7.1 ప్రస్తావన

గత భాగంలో రోడ్డు రవాణా సంస్థల ఖర్చులను, లాభనష్టాలను పరిశీలించాం. ఈ భాగంలో ఆ సంస్థలు పాటించాల్సిన భద్రతా నిర్వహణ గురించి తెలుసుకుందాం.

లారీ ప్రమాదం జరగగానే మనం సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండు. డ్రైవరు తప్పా? బండి లోపమా? ఈ రెండూ అవసరమైనవే. కానీ మేనేజ్‌మెంట్ విద్యార్థి మూడో ప్రశ్న కూడా అడగాలి. ఆ డ్రైవరు ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా నడుపుతున్నాడో, ఆ బండి బ్రేకులను చివరిసారి ఎవరు ఎప్పుడు చూశారో యజమానికి తెలుసా? తెలుసుకునే ఏర్పాటు అసలు ఆ సంస్థలో ఉందా?

కొత్త సంస్థల భద్రతా ఆడిట్ అడిగేది ఈ మూడో ప్రశ్ననే. ప్రమాదం జరిగిందా లేదా అన్నది అందులో ఒక చిన్న భాగం మాత్రమే. ప్రమాదానికి దారితీసే పరిస్థితిని ముందుగా పసిగట్టగల ఏర్పాటు సంస్థలో ఉందా అన్నదే దాని ప్రధాన విషయం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే, కింద వచ్చే నిబంధనలూ గడువులూ అంకెలూ వాటంతటవే ఒక వరుసలో కూర్చుంటాయి.

7.2 చట్ట నేపథ్యం

అమెరికా కాంగ్రెస్ 1999లో మోటారు రవాణా సంస్థల భద్రతాభివృద్ధి చట్టాన్ని చేసింది. దాని ప్రకారం 2000 జనవరి 1న ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ ఏర్పడింది. ఇది ఆ దేశ రవాణా శాఖలో ఒక విభాగం. ఇకపై దీనిని 'సంస్థ' అనకుండా 'భద్రతా విభాగం' అని పిలుద్దాం. అప్పుడు ట్రక్కు సంస్థలతో తికమక ఉండదు.

కొత్తగా రంగంలోకి వచ్చే ప్రతి రవాణా సంస్థనూ తొలి 18 నెలల్లో ఒకసారి పరిశీలించాలని ఆ చట్టం కోరింది. దీనికి సంబంధించిన నిబంధనలు 2003 జనవరి నుంచి అమలులోకి వచ్చాయి. మొదట్లో ఈ ఆడిట్‌లో విద్యా దృష్టి ఎక్కువగా ఉండేది, తప్పడం అరుదు. ఇది చాలదని భావించి 2008 డిసెంబరు 16న నిబంధనలను కఠినతరం చేశారు. అవి ఏడాది తరువాత అమలయ్యాయి. తక్షణ వైఫల్యానికి దారితీసే 16 ఉల్లంఘనల జాబితా అప్పుడు వచ్చినదే. 2012లో వచ్చిన మరో చట్టం ఆడిట్ గడువును సరుకు రవాణా సంస్థలకు 12 నెలలకు, ప్రయాణికుల బస్సు సంస్థలకు 120 రోజులకు తగ్గించింది. అయితే సంస్థ మీద నిఘా ఉండే కాలం మాత్రం 18 నెలలుగానే కొనసాగింది.

7.3 నూతన ప్రవేశ సంస్థ అంటే ఎవరు?

ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సరుకు రవాణా చేసే వాణిజ్య వాహనాలను నడపాలంటే సంస్థ ముందుగా నమోదు చేసుకొని, యు.ఎస్.డి.ఓ.టి. నంబరు తీసుకోవాలి. సరుకుతో కలిపి వాహనానికి అనుమతించిన మొత్తం బరువు 10,001 పౌండ్లు, అంటే సుమారు 4,536 కిలోలు లేదా అంతకుమించి ఉంటే అది ఈ నిబంధనల కిందికి వస్తుంది. కాబట్టి ఇవి భారీ ట్రక్కులకే పరిమితం కావు. ఒక మాదిరి వ్యాను కూడా దీని పరిధిలోకి రావచ్చు.

నంబరు వచ్చిన నాటి నుంచి ఆ సంస్థ 'నూతన ప్రవేశ సంస్థ'. మీరు ఇక్కడ ఒక విషయం గమనించాలి. అమెరికా ట్రక్కు సంస్థల్లో 90 శాతానికి పైగా పది లేదా అంతకంటే తక్కువ ట్రక్కులున్నవే. సొంత ట్రక్కు కొనుక్కొని తానే నడుపుకొనే యజమాని–డ్రైవర్లు చాలామంది. అలాంటి వ్యక్తి ఒకే సమయంలో యజమానీ, డ్రైవరూ, గుమాస్తా, భద్రతాధికారీ. నిబంధనల దృష్టిలో మాత్రం ఈ పాత్రలు వేరువేరు. యజమానిగా అతడు తన డ్రైవరు ఫైలును, అంటే తన ఫైలును తానే తయారుచేసి ఉంచుకోవాలి. 'నా గురించి నాకు తెలియదా?' అన్న జవాబు ఆడిట్‌లో చెల్లదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
సూచన: మీ జవాబును భాగం చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. సరుకు రవాణా సంస్థకు ఆడిట్ ఎంతకాలంలోగా జరగాలి? నిఘా కాలం ఎంత?

7.4 ఆడిటర్ ఏమి పరిశీలిస్తాడు?

భద్రతా విభాగం అధికారి గానీ, రాష్ట్ర ప్రభుత్వ అధికారి గానీ ఆడిట్ చేస్తారు. సంస్థ కార్యాలయానికి రావచ్చు. లేదా పత్రాలను ఆన్‌లైన్‌లో పంపమని కోరి, దూరం నుంచే పరిశీలించవచ్చు. ఆడిట్‌కు రుసుము లేదు. నంబరు రాగానే ప్రభుత్వ కార్యాలయం పేరును పోలిన పేర్లతో డబ్బు అడుగుతూ ప్రైవేటు ఏజెంట్ల ఉత్తరాలు, ఫోన్లు వస్తాయి. కొత్త యజమానులు మోసపోయే చోటు ఇది. ఇలాంటి వాటిని నమ్మి అసలు ఉత్తరాన్ని పక్కన పడేస్తే నష్టం రెట్టింపవుతుంది.

పరిశీలన ప్రధానంగా ఐదు విషయాలపై జరుగుతుంది.

(అ) డ్రైవరు అర్హత: ప్రతి డ్రైవరుకూ ఒక అర్హత ఫైలు ఉండాలి. ఉద్యోగ దరఖాస్తు, లైసెన్సు, రాష్ట్ర రికార్డుల్లో ఉన్న డ్రైవింగ్ చరిత్ర, గత మూడేళ్ల యజమానుల దగ్గర చేసిన విచారణ, వైద్య ధ్రువపత్రం అందులో ఉండాలి. వైద్య ధ్రువపత్రం గరిష్ఠంగా 24 నెలలే చెల్లుతుంది. డ్రైవింగ్ చరిత్రను ఏటా మళ్లీ తెప్పించి చూడాలి. ఈ ఫైలు వెనుక ఉన్న తర్కం సరళమైనది. ఒకచోట తాగి నడిపి ఉద్యోగం పోగొట్టుకున్న డ్రైవరు పక్క రాష్ట్రంలో మరో ట్రక్కు ఎక్కకుండా చూడటమే దాని ఉద్దేశం.

(ఆ) మద్యం, మాదకద్రవ్యాల పరీక్షలు: 26,001 పౌండ్లు లేదా అంతకు మించిన వాహనాల వంటి వాటికి వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు కావాలి. అలాంటి లైసెన్సు అవసరమైన డ్రైవర్లందరికీ పరీక్షలు తప్పనిసరి. మొదటిసారి స్టీరింగు పట్టకముందే మాదకద్రవ్య పరీక్ష ఫలితం చేతికి రావాలి. తరువాత లాటరీ తీసినట్టు ఎవరి పేరు ఎప్పుడు వస్తుందో తెలియని పద్ధతిలో పరీక్షలు జరగాలి. 2020 నుంచి మాదకద్రవ్యాలకు ఏడాదికి డ్రైవర్ల సంఖ్యలో 50 శాతం, మద్యానికి 10 శాతం పరీక్షలు జరపాలన్నది నియమం. ఒకే డ్రైవరు ఉన్న యజమాని లాటరీ ఎలా తీస్తాడు? అందుకే అతడు అనేక సంస్థలను కలిపి పరీక్షలు నిర్వహించే ఉమ్మడి సంఘంలో చేరాలి. ఏక వ్యక్తి సంస్థలు తరచూ తప్పేది ఈ మెట్టు దగ్గరే. కారణం నిర్లక్ష్యం కన్నా అవగాహన లోపమే ఎక్కువ.

(ఇ) పని గంటలు: సరుకు ట్రక్కు డ్రైవరు వరుసగా 10 గంటల విశ్రాంతి తరువాత గరిష్ఠంగా 11 గంటలు నడపవచ్చు. అదీ పనిలోకి దిగిన 14 గంటలలోపే. ఉదయం 6 గంటలకు పని మొదలుపెట్టినవాడు మధ్యలో సరుకు దింపడానికి నాలుగు గంటలు ఆగినా సరే, రాత్రి 8 దాటాక మళ్లీ తగిన విశ్రాంతి లేకుండా ట్రక్కు నడపరాదు. మొత్తం 8 గంటలు నడిపిన తరువాత కనీసం 30 నిమిషాల విరామం ఉండాలి. వారం లెక్కలో 7 రోజులకు 60 గంటలు లేదా 8 రోజులకు 70 గంటల పని పరిమితి ఉంది. 2017 డిసెంబరు నుంచి చాలామంది డ్రైవర్లు ఇంజనుకు అనుసంధానమైన ఎలక్ట్రానిక్ పరికరంతో ఈ లెక్కను నమోదు చేయాలి. రికార్డులను ఆరు నెలలు ఉంచాలి.

(ఈ) వాహనం: ప్రతి వాహనానికీ 12 నెలలకొకసారి పూర్తి తనిఖీ జరగాలి. ముందుండే ట్రాక్టరుకూ వెనుక లాగే ట్రైలరుకూ విడివిడిగా తనిఖీ కావాలి. ట్రాక్టరుకు చేయించి ట్రైలరును మరిచిపోవడం మామూలు పొరపాటు. రోజువారీ నడకలో కనిపించిన లోపాన్ని డ్రైవరు రాసివ్వాలి. భద్రతకు సంబంధించిన లోపమైతే బాగుచేసినట్టు సంస్థ ధ్రువీకరించాకే ఆ బండి మళ్లీ కదలాలి.

(ఉ) బీమా, ప్రమాదాల రిజిస్టరు: సాధారణ సరుకును కిరాయికి మోసే సంస్థకు కనీసం 7,50,000 డాలర్ల బాధ్యత బీమా ఉండాలి. కొన్ని ప్రమాదకర పదార్థాలకు ఇది 50 లక్షల డాలర్ల వరకు పెరుగుతుంది. ప్రమాదాల రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. ఎవరైనా మరణించినా, గాయపడినవారిని చికిత్స కోసం అక్కడి నుంచి వెంటనే తరలించినా, దెబ్బతిని కదలలేని వాహనాన్ని మరో బండితో లాక్కుపోవలసి వచ్చినా ఆ ప్రమాదం రిజిస్టరుకెక్కాలి. తప్పు ఎవరిదన్నది ఇక్కడ ప్రశ్న కాదు.

ఈ ఐదింటినీ కలిపి చూడండి. ప్రతి రికార్డూ సంస్థలో ఎవరో ఒకరు ఒక పని చేశారనడానికి మిగిలిన ఆనవాలు. తనిఖీ నివేదిక ఉందంటే ఎవరో బండి కిందికి దూరి చూశారని అర్థం. లాగ్ ఉందంటే ఎవరో గంటలు లెక్కపెట్టారని అర్థం. అందువల్లే ఆడిటర్‌కు కాగితం ముఖ్యం. పని చేశాం గానీ కాగితం లేదన్న సంస్థకూ, పని చేయని సంస్థకూ మధ్య బయటి నుంచి తేడా కనిపించదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
2. ఒక్కడే డ్రైవరుగా ఉన్న యజమాని మాదకద్రవ్య పరీక్షల నియమాన్ని ఎలా పాటించాలి?

7.5 ఫలితాన్ని ఎలా నిర్ణయిస్తారు?

సంస్థ ఆడిట్‌లో తప్పడానికి రెండు దారులున్నాయి.

7.5.1 తక్షణ వైఫల్యం

16 ఉల్లంఘనల్లో ఏ ఒక్కటి బయటపడినా మిగతా రికార్డులు ఎంత బాగున్నా ఆడిట్ తప్పినట్టే. వీటిని గుర్తుంచుకోవడానికి నాలుగు గుంపులుగా చూడవచ్చు:

1. మద్యం, మాదకద్రవ్యాలు: పరీక్షల ఏర్పాటు లేకపోవడం, లాటరీ పద్ధతి పరీక్షలు లేకపోవడం, పరీక్షలో పట్టుబడినవారిని లేదా పరీక్షకు నిరాకరించినవారిని నడపనివ్వడం.
2. డ్రైవరు: సరైన లైసెన్సు లేదని, రద్దయిందని లేదా అనర్హుడని తెలిసీ నడపనివ్వడం, వైద్యపరంగా అర్హత లేనివారిని నియోగించడం.
3. పని గంటలు, బీమా: పని గంటల రికార్డులు రాయించకపోవడం, కనీస బీమా లేకుండా నడపడం.
4. వాహనం: నడపరాదని అధికారులు ఆపిన బండిని బాగుచేయకుండా తిప్పడం, డ్రైవరు రాసిచ్చిన తీవ్ర లోపాన్ని సరిచేయకపోవడం, వార్షిక తనిఖీ లేని వాహనాలను వాడటం.

వీటిలో చాలావాటికి ఒక్కసారి జరిగినా చాలు. పని గంటల రికార్డులు, వార్షిక తనిఖీ అనే రెండింటికి మాత్రం పరిశీలించిన రికార్డుల్లో 51 శాతం లేదా అంతకుమించి లోపం ఉండాలి.

ఉదాహరణ 1: ఆడిటర్ ఒక సంస్థలో 60 రోజుల పని గంటల రికార్డులు అడిగాడనుకుందాం. 30 రోజులవి లేవు. లోపం 30 ÷ 60 = 50 శాతం; ఈ కారణంగా తక్షణ వైఫల్యం లేదు. 31 రోజులవి లేకపోతే 51.7 శాతం, ఆడిట్ తప్పినట్టే. దీన్నిబట్టి సగం రికార్డులు లేకపోయినా ఫరవాలేదని అనుకోకండి. ఆ లోపం కింద చెప్పబోయే రెండో దారిలో లెక్కకు వస్తుంది.

7.5.2 అంశాలవారీ వైఫల్యం

సంస్థ నిర్వహణను ఆరు అంశాలుగా విభజిస్తారు: సాధారణ నిర్వహణ, డ్రైవరు, నడిపే తీరు, వాహనం, ప్రమాదకర పదార్థాలు, ప్రమాదాలు. ఉల్లంఘనల తీవ్రతను బట్టి పాయింట్లు వేస్తారు. ఒక అంశంలో మూడు లేదా అంతకంటే ఎక్కువ పాయింట్లు వస్తే ఆ అంశంలో కనీస నిర్వహణ లేదని అర్థం. మూడు లేదా అంతకంటే ఎక్కువ అంశాలు అలా తేలితే ఆడిట్ తప్పినట్టే.

ప్రమాదాల అంశానికి ఒక ప్రత్యేక సూత్రం ఉంది:

ప్రమాదాల రేటు = (నమోదైన ప్రమాదాల సంఖ్య × 10,00,000) ÷ నడిచిన మైళ్లు

ఇది 1.5 దాటకూడదు. 100 మైళ్ల పరిధిలోనే తిరిగే పట్టణ సంస్థలకు హద్దు 1.7. ఆడిట్‌కు ముందు 12 నెలల్లో రెండు లేదా అంతకంటే ఎక్కువ ప్రమాదాలు జరిగితేనే ఈ రేటును లెక్కిస్తారు.

ఉదాహరణ 2: ఎనిమిది ట్రక్కులున్న ఒక సంస్థ ఏడాదిలో 8,00,000 మైళ్లు నడిచింది. రెండు ప్రమాదాలు జరిగాయి. రేటు = 20,00,000 ÷ 8,00,000 = 2.5. ఇది హద్దు దాటింది.

రెండు ప్రమాదాలతో 1.5 హద్దులో ఉండాలంటే ఏడాదికి 13 లక్షల మైళ్లకు పైగా నడవాలి. రెండు మూడు ట్రక్కుల సంస్థకు అది సాధ్యం కాదు. ఒకే ప్రమాదాన్ని రేటుగా మార్చకపోవడానికి గల కారణం దీన్నిబట్టి ఊహించవచ్చు. చిన్న సంస్థలో ఒక్క ప్రమాదం సంస్థ స్వభావాన్ని చెబుతుందో, దురదృష్టాన్ని చెబుతుందో అంకె తేల్చలేదు. అందువల్లే చిన్న సంస్థల విషయంలో ప్రమాదాల సంఖ్య కంటే నిర్వహణ రికార్డులు నమ్మదగిన సాక్ష్యం.

7.6 ఆడిట్ తరువాత

ఆడిట్ పూర్తయిన 45 రోజుల్లోగా ఫలితాన్ని రాతపూర్వకంగా తెలియజేస్తారు. ఉత్తీర్ణత సాధించిన సంస్థపై 18 నెలలు ముగిసేదాకా నిఘా కొనసాగుతుంది. ఆ తరువాత 'నూతన ప్రవేశ' ముద్ర తొలగిపోతుంది.

తప్పిన సంస్థ లోపాలను సరిదిద్దుకొని ఆధారాలు చూపాలి. సరుకు రవాణా సంస్థలకు 60 రోజులు, ప్రమాదకర పదార్థాల సంస్థలకూ పెద్ద ప్రయాణికుల వాహనాలు నడిపేవారికీ 45 రోజులు గడువు. ఆ లోపు చూపలేకపోతే నమోదు రద్దవుతుంది, ట్రక్కులు ఆగిపోతాయి. అప్పు చేసి ట్రక్కు కొన్న యజమానికి వాయిదాలు మాత్రం ఆగవు. మళ్లీ దరఖాస్తు చేయాలంటే రద్దయిన తరువాత కనీసం 30 రోజులు ఆగాలి; 18 నెలల లెక్క మొదటి నుంచి మొదలవుతుంది.

ఆడిట్‌కు ఒప్పుకోకపోయినా ఇదే గతి. నిరాకరించిన సంస్థకు తన అంగీకారాన్ని రాసివ్వడానికి 10 రోజులు మాత్రమే ఇస్తారు. కాబట్టి చిరునామా మారితే తెలియజేయడం, వచ్చిన ఉత్తరానికి జవాబివ్వడం కూడా భద్రతా నిర్వహణలో భాగమే.

ఆడిట్ దాకా ఆగకుండా చర్య తీసుకునే సందర్భాలూ ఉన్నాయి. ఉదాహరణకు, వరుసగా 90 రోజుల్లో కనీసం మూడు రోడ్డు తనిఖీలు జరిగి, వాటిలో సగం లేదా అంతకంటే ఎక్కువ సార్లు డ్రైవరును గానీ వాహనాన్ని గానీ ఆపేయవలసి వస్తే ఆడిట్‌ను ముందుకు జరుపుతారు.

7.7 ఈ పద్ధతి పరిమితులు

మొదటి పరిమితి కాలానికి సంబంధించినది. నంబరు ముందు, పరీక్ష తరువాత. అంటే సంస్థ నెలల తరబడి రోడ్డు మీద ఉన్న తరువాతే దాని నిర్వహణను చూస్తారు. నిబంధనలు తెలుసో లేదో నమోదుకు ముందే రాతపరీక్షతో తేల్చాలని 2012 చట్టం సూచించింది. ప్రవేశాన్ని కష్టం చేస్తే చిన్నవారికి ఉపాధి దూరమవుతుంది; సులభం చేస్తే రోడ్డు మీది ప్రజలు ఆ రిస్కును మోయాలి. ఈ తూకం మీదనే చర్చంతా.

రెండోది, పేరు మార్పు. 2008 ఆగస్టు 8న టెక్సాస్ రాష్ట్రంలోని షెర్మన్ దగ్గర ముందు టైరు పేలి ఒక బస్సు వంతెన మీది నుంచి పడింది. 17 మంది మరణించారు. దాని నిర్వాహకుడి పాత సంస్థను భద్రతా విభాగం కొన్ని వారాల ముందే ఆపేసింది. అతడు మరో పేరుతో మళ్లీ బస్సు తిప్పాడు. ఇది ట్రక్కు కాదు, బస్సు. కానీ రెంటికీ వర్తించేవి ఇవే నమోదు నిబంధనలు. కొత్త సంస్థ నిజంగా కొత్తదేనా అన్న ప్రశ్న ఆడిట్ కంటే ముందే అడగాలని ఈ ఘటన నేర్పింది. ఇలా ఊసరవెల్లిలా రంగు మార్చే సంస్థలను పట్టుకోవడానికి ప్రయాణికుల రవాణా దరఖాస్తులను ముందుగా జల్లెడ పట్టే పద్ధతి ఆ ఏడాదే మొదలైంది.

మూడోది, కాగితం పనికి ప్రత్యామ్నాయం కాదు. ఆనవాలు ఉందంటే పని జరిగి ఉంటుందని నమ్ముతాం. ఆనవాలునే సృష్టించేవారూ ఉంటారు. రోడ్డు తనిఖీల ఫలితాలను రికార్డులతో పోల్చిచూడటం ఇందుకే అవసరం.

7.8 మన దేశ పద్ధతితో పోలిక

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవరుకు లైసెన్సు, బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, రవాణాకు పర్మిటు, దానికి తోడు బీమా ఉండాలి. జనం 'బ్రేక్ ఇన్‌స్పెక్టరు' అని పిలిచే మోటారు వాహన ఇన్‌స్పెక్టరు పరిశీలించేది బండిని, డ్రైవరును. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పని పరిమితిని పెట్టింది. అంటే నియమాలు మనకూ కొత్త కావు. తేడా ఎక్కడంటే, కొత్త లారీ సంస్థ మొదటి ఏడాదిలో ఈ నియమాలన్నిటినీ ఒకచోట చేర్చి అమలు చేసే ఏర్పాటును పెట్టుకుందా లేదా అని సంస్థను కూర్చోబెట్టి అడిగే ఘట్టం మన పద్ధతిలో లేదు. ఫిట్‌నెస్ ఆ రోజు బండి ఎలా ఉందో చెబుతుంది. ఆ మరునాటి నుంచి దాన్ని ఎవరు చూసుకుంటారో చెప్పదు.

7.9 సారాంశం

అమెరికాలో నూతన ప్రవేశ ట్రక్కు సంస్థకు 12 నెలల్లోగా భద్రతా ఆడిట్, 18 నెలల నిఘా ఉంటాయి. డ్రైవరు అర్హత, మద్యం–మాదకద్రవ్య పరీక్షలు, పని గంటలు, వాహన సంరక్షణ, బీమా–ప్రమాదాల రికార్డులను పరిశీలిస్తారు. 16 ఉల్లంఘనల్లో ఒకటి దొరికినా, ఆరు అంశాల్లో మూడు దెబ్బతిన్నా ఆడిట్ తప్పుతుంది. సరిదిద్దుకోవడానికి గడువు ఉంటుంది. దాటితే నమోదు పోతుంది. రికార్డు అనేది పని జరిగిందనడానికి ఆనవాలు. ఆ పనిని అలవాటుగా మార్చడమే భద్రతా నిర్వహణ.

7.10 సమాధానాలు

1. 12 నెలలలోగా ఆడిట్. 18 నెలల నిఘా.
2. అనేక సంస్థలకు కలిపి పరీక్షలు నిర్వహించే ఉమ్మడి సంఘంలో చేరాలి.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తక్షణ వైఫల్యం అంటే ఏమిటి? ఉదాహరణలివ్వండి.
2. ఒక సంస్థ 15,00,000 మైళ్లు నడిచి మూడు ప్రమాదాలను నమోదు చేసింది. ప్రమాదాల రేటును లెక్కించి వ్యాఖ్యానించండి.

II. కింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 'నమోదు ముందు, పరీక్ష తరువాత' అన్న పద్ధతిలోని మంచిచెడులను చర్చించండి.

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊళ్లో ఉన్న ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కార్యాలయానికి వెళ్లి, యజమాని అనుమతితో మాట్లాడండి. 7.4లో చెప్పిన ఐదు విషయాల్లో ఏ ఏ రికార్డులు అక్కడ ఉంచుతారో, లేనివాటి స్థానంలో ఏ పద్ధతి వాడతారో ఒక పట్టికగా రాయండి. డ్రైవరుతో విడిగా మాట్లాడి, నిన్న ఎన్ని గంటలు నడిపాడో అడగండి. రెండు జవాబులూ కలిశాయా లేదా అన్నది మీ నివేదికలో చివరి పేరా కావాలి.